మునిగే పలకకు మాంటిల్ ఇచ్చే దారి: గ్లూకోజు తొట్టె ప్రయోగాల డైరీ

జూన్, మొదటి వారం

సముద్రం అడుగున పుట్టి, కోట్ల సంవత్సరాలపాటు చల్లబడి బరువెక్కిన రాతి పలక ఒక ట్రెంచి (సముద్రపు అడుగునున్న పొడవాటి, లోతైన కందకం) దగ్గర వంగి భూమి లోపలికి దిగుతుందని మా డిగ్రీ విద్యార్థులందరూ చదువుకున్నారు. అయితే అది దిగే చోటు ఖాళీగా లేదు. అక్కడ భూమి పైపెంకు కింద ఉండే మందపాటి రాతి పొర, అంటే మాంటిల్ ఉంది. అది కరిగిన ద్రవం కాదు. ఘనశిలే అయినా, లోపలి వేడి వల్ల లక్షల ఏళ్ల కాలమానంలో అతి మెల్లగా ప్రవహించగల ఘనశిల. పలకకు చోటు దొరకాలంటే ఆ శిల ఎటో ఒకవైపు తప్పుకోవాలి. ఎటు తప్పుకుంటుంది, ఆ తప్పుకునే తీరు పలక నడకను ఎలా మారుస్తుంది అన్న ప్రశ్నను చేత్తో చేసి కంటితో చూడగల ప్రయోగంగా మలచాలని మా భౌతికశాస్త్ర విభాగంలో నేను, మూడో సంవత్సరం విద్యార్థుల బృందం నిర్ణయించుకున్నాం.

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో పలక ఎప్పుడూ నిలువుకోతలోనే కనిపిస్తుంది. ఆ కోతలో ముందుకు, వెనక్కు, కిందికి దారులు ఉంటాయి గాని పక్కకు దారి ఉండదు. నిజమైన పలకకు వెడల్పు ఉంది, రెండు చివర్లు ఉన్నాయి. నా అనుమానమంతా ఆ చివర్ల మీదే ఉంది. పలక బరువెంత అన్నదానితో సమానంగా, దాని కింద చిక్కుకున్న శిలకు బయటపడే దారి ఎంత దూరంలో ఉందన్నది కూడా సబ్డక్షన్ (పలక మాంటిల్‌లోకి దిగడం) తీరును నిర్ణయిస్తుందని నేను అనుకుంటున్నాను. ఈ ప్రాజెక్టు ఆ ఊహను పరీక్షించడానికే.

పలక బరువు ముఖ్యం కాదని దీని అర్థం కాదు. 1975లో ఫోర్సైత్, ఉయేదా భూమి మీది పలకల వేగాలను పోల్చి చూసి, చుట్టుకొలతలో ఎక్కువ భాగం ట్రెంచికి అతుక్కుని ఉన్న పలకలే వేగంగా కదులుతున్నాయని, కాబట్టి దిగుతున్న భాగం తన బరువుతో మిగతా పలకను లాగడమే ప్రధాన చోదకబలమని చూపించారు. ఆ బలాన్ని ఎదుర్కొనేది చుట్టూ ఉన్న మాంటిల్ స్నిగ్ధత, అంటే ప్రవహించడానికి అది చూపే ప్రతిఘటన. ఈ రెండింటి మధ్య జరిగే పెనుగులాటలో జడత్వానికి చోటే లేదు. అందువల్లనే మాంటిల్‌కు బదులు చిక్కని గ్లూకోజు పాకం, పలకకు బదులు బరువైన పుట్టీ పెట్టి దీన్ని చిన్న తొట్టెలో నమ్మకంగా అనుకరించవచ్చు. చిక్కని పాకంలో కూడా జడత్వం లెక్కలోకి రాదు. గురుత్వం లాగుతుంది, స్నిగ్ధత ఆపుతుంది, ఆ రెండూ ప్రతి క్షణమూ సరితూగుతూ ఉంటాయి.

జూన్, రెండో వారం

కొలతల లెక్క ఇవాళ్టికి తేలింది. తొట్టెలో 1 సెంటీమీటరు భూమిలో 66 కిలోమీటర్లకు సమానమని పెట్టుకున్నాం. అప్పుడు 10 సెంటీమీటర్ల లోతు పాకం సరిగ్గా 660 కిలోమీటర్లకు, అంటే మాంటిల్ పైభాగం ముగిసే సరిహద్దుకు సరిపోతుంది. 1.2 సెంటీమీటర్ల మందమున్న పలక దాదాపు 80 కిలోమీటర్ల మందపు సముద్ర పలకకు బదులు నిలుస్తుంది. మాంటిల్ పైభాగపు స్నిగ్ధతను 3×10²⁰ పాస్కల్-సెకండ్లుగా, పాకం స్నిగ్ధతను 100 పాస్కల్-సెకండ్లుగా తీసుకుని, పలకకూ చుట్టూ ఉన్న పదార్థానికీ మధ్య సాంద్రత తేడాను రెండుచోట్లా ఘనపు మీటరుకు 80 కిలోలుగా ఉంచితే, తొట్టెలో ఒక నిమిషం భూమి మీద సుమారు 8.6 లక్షల సంవత్సరాలవుతుంది. ఆ లెక్కన తొట్టెలో నిమిషానికి ఒక సెంటీమీటరు వేగమంటే భూమి మీద ఏడాదికి ఏడున్నర సెంటీమీటర్లు. నిజమైన పలకలు నడిచే వేగం కూడా ఆ మేరలోనే ఉంటుంది కాబట్టి, ప్రయోగం అరగంటలో ముగుస్తుందా, నెల పడుతుందా అన్న బెంగ తీరిపోయింది.

మాంటిల్‌కు బదులుగా మిఠాయిలు, బేకరీ సరుకులు చేసేవారు వాడే లిక్విడ్ గ్లూకోజును ఎంచుకున్నాం. మొక్కజొన్న పిండి నుంచి తీసే ఈ పాకం పారదర్శకంగా ఉంటుంది, సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 1420 కిలోలు. పలకకు మాత్రం ఫిజియోథెరపీలో చేతి వ్యాయామానికి ఇచ్చే సిలికోన్ పుట్టీని వాడుతున్నాం. దాని సాంద్రత 1100కు దగ్గరలో ఉంటుంది కనుక అలాగే వేస్తే పాకం మీద తేలుతుంది. దాన్ని 1500కు పెంచాలి. విదేశీ ప్రయోగశాలల్లో ఇందుకు ఇనుప పొడి కలుపుతారు. మేము రాయలసీమలోని మంగంపేట ముగ్గురాయి పొడిని కలిపాం. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు తేవడానికి ప్రపంచమంతా వాడే బెరైటు ఇదే. మన గడ్డ మీద ఇంత పెద్ద నిక్షేపం ఉండగా ఇనుము కోసం వెతకడం అనవసరమనిపించింది. బెరైటు సాంద్రత 4300 అనుకుంటే, కిలో మిశ్రమంలో మూడో వంతుకు కొంచెం పైన పొడి పడుతుంది. పొడి ఒక్కచోట ముద్దకట్టకుండా పుట్టీని మళ్లీ మళ్లీ మడిచి పిసకడం ఓపిక కోరే పని. విద్యార్థులు వంతులవారీగా చేశారు.

జూన్, మూడో వారం

స్నిగ్ధత కొలవడానికి పాత పద్ధతే నమ్మదగినది. 6 మిల్లీమీటర్ల బేరింగు గుండును పాకంలో వదిలి, అది 10 సెంటీమీటర్లు దిగడానికి పట్టే సమయం చూసి, ద్రవంలో గుండు దిగే వేగాన్ని స్నిగ్ధతతో ముడిపెట్టే స్టోక్స్ సూత్రంలో పెట్టాలి. పాకం స్నిగ్ధత 100 పాస్కల్-సెకండ్లయితే దానికి దాదాపు 80 సెకండ్లు పట్టాలి. తెల్లవారుజామున ఆ సమయానికి దగ్గరగానే వచ్చింది. మధ్యాహ్నం గది వేడెక్కాక గుండు సగం సమయంలోనే దిగిపోయింది. గ్లూకోజు స్నిగ్ధత ఉష్ణోగ్రతకు ఎంత లొంగుతుందో పుస్తకంలో చదవడం వేరు, గోదావరి తీరపు జూన్ ఎండలో చూడడం వేరు. ఇకపై ప్రయోగాలన్నీ సూర్యోదయానికి ముందే మొదలుపెట్టాలని, ప్రతి ప్రయోగానికీ ముందూ వెనుకా గుండు పరీక్ష చేయాలని నిర్ణయించాం.

ఇంకో రెండు జాగ్రత్తలు రాసి ఉంచాలి. పాకం పైపొరలోని నీరు ఆరిపోయి సన్నని మీగడలాంటి పొర కడుతుంది. ఆ పొర పలకను మునగనివ్వదు. అందుకని ప్రయోగం లేని వేళ ఉపరితలానికి తాకేటట్లు ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంచుతున్నాం. చీమల కోసం బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాం.

పాకం పోసినప్పుడు చిక్కుకున్న బుడగల్లో పెద్దవి రెండు మూడు రోజుల్లో పైకి చేరిపోయాయి. 0.2 మిల్లీమీటర్ల వ్యాసముండే సూక్ష్మమైనవి మాత్రం గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే పైకి వస్తాయి. అరగంట ప్రయోగంలో అవి ఉన్నచోటే ఉన్నట్టు లెక్క. పాకం కదిలితేనే కదులుతాయి. పక్కనుంచి సన్నని కాంతిరేఖ వేసి వాటి జాడలను ఫొటోలు తీస్తే లోపలి ప్రవాహం మొత్తం బయటపడుతుంది. పైపొర కదలిక కోసం ఉపరితలం మీద గసగసాలు చల్లుతున్నాం.

జూన్, చివరి వారం

పాకం సిద్ధమయ్యేలోపు భూకంపాల జాబితా తీసుకుని నిజమైన పలకలు ఎలా దిగుతున్నాయో గీసి చూశాం. అమెరికా భూగర్భ సర్వే ఉచితంగా అందించే సమాచారం నుంచి టోంగా ప్రాంతంలో దక్షిణ అక్షాంశం 20 డిగ్రీల చుట్టుపక్కల భూకంపాలను ఏరి, తూర్పున ట్రెంచి నుంచి పడమర ఫిజీ వైపు దూరం ఒక అక్షం మీద, లోతు మరో అక్షం మీద గుర్తించమన్నాను. చుక్కలు ట్రెంచి దగ్గర ఉపరితలంతో మొదలై పడమరకు ఏటవాలుగా దిగుతూ 600 కిలోమీటర్లు దాటాయి. 1928లో జపాన్‌లో కియో వదాతి లోతైన భూకంపాలు నిజంగానే ఉన్నాయని నిరూపించినప్పుడు పలకల సిద్ధాంతం ఇంకా పుట్టలేదు. తరువాత హ్యూగో బెనియాఫ్ ఈ ఏటవాలు మండలాలను పసిఫిక్ చుట్టూ గుర్తించారు. 1967లో ఆలివర్, ఐజాక్స్ టోంగా, ఫిజీల్లో భూకంప తరంగాలను పరిశీలించి, ఆ మండలం గుండా వచ్చిన తరంగాలు అంతగా బలహీనపడకుండా చేరుతున్నాయని, అంటే అక్కడ చుట్టుపక్కలకంటే చల్లని, గట్టి పదార్థం దిగి ఉందని చూపారు. మా గ్రాఫు కాగితం మీది చుక్కల్లో ఆ పలకే కనబడింది.

ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న మంచిది: 300 కిలోమీటర్ల దగ్గర పలచబడిన చుక్కలు 500 దాటాక మళ్లీ ఎందుకు చిక్కబడుతున్నాయి? ఇది టోంగాకే పరిమితం కాదు, ప్రపంచవ్యాప్తంగా ఇదే తీరు. 660 సరిహద్దుకు చేరుకుంటున్న పలక అక్కడ ప్రతిఘటన ఎదుర్కొని నలుగుతోందన్నది దీనికి ఒక వివరణ. చల్లని పలక గర్భంలో ఖనిజాలు ఆలస్యంగా రూపం మార్చుకోవడం కూడా ఇందులో భాగమని చాలామంది భావిస్తారు. 700 కిలోమీటర్ల తరువాత భూకంపాలు దాదాపుగా ఆగిపోతాయి. 2013 మే 24న ఓఖోట్స్క్ సముద్రం కింద 609 కిలోమీటర్ల లోతున 8.3 పరిమాణంతో వచ్చిన భూకంపం మాస్కోలో సైతం తెలిసింది. భూకంపాలు ఆగినచోట పలక కూడా ఆగిపోయిందా అన్నది వేరే ప్రశ్న. దానికి రెండు పొరల తొట్టె కావాలి.

జూలై, మొదటి వారం: సన్నని పలక

10 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న పలకను పాకం మీద పరిచి, వెనుక అంచును తొట్టె గోడకు బిగించాం. ముందుకు జారే వీలు లేకుండా చేస్తే పలక ఎలా దిగుతుందో చూడాలన్నది ఉద్దేశం. పాకం కంటే బరువైనా ఉపరితల బలాల వల్ల పలక వెంటనే మునగదు. ముందు అంచును కొన్ని సెంటీమీటర్ల మేర చేత్తో వంచి లోపలికి దించాలి. భూమి మీద ఈ మొదటి వంపు ఎలా వస్తుందన్నది నేటికీ శాస్త్రజ్ఞులు చర్చిస్తున్న సమస్య. మా తొట్టె దానికి జవాబు చెప్పదు.

వంచి వదిలాక మొదట మెల్లగా, తరువాత వేగం పుంజుకుంటూ పలక దిగింది. వేలాడే భాగం పొడవు పెరిగేకొద్దీ లాగే బరువు పెరుగుతుంది కాబట్టి ఇది ఊహించినదే. పలక కొస తొట్టె అడుగును తాకగానే వేగం పడిపోయింది. కొంతసేపటికి మళ్లీ స్థిరమైన నడక మొదలైంది. ఈ మొత్తం సేపూ ట్రెంచి, అంటే పలక వంగి మునిగే గీత, వెనుక గోడ వైపు జరుగుతూనే ఉంది. వెనుక అంచు బిగించి ఉంది కనుక పలక ముందుకు రాలేదు. దిగడానికి దానికున్న ఏకైక మార్గం ట్రెంచి తానే వెనక్కు నడవడం. స్థిరపడిన దశలో ఆ నడక నిమిషానికి సెంటీమీటరుకు దగ్గరగా ఉంది.

బుడగల ఫొటోలు చూశాక మా అందరికీ నిద్ర పట్టలేదు. ట్రెంచి వెనక్కు రావాలంటే పలక కింద ఉన్న పాకం ముందువైపుకు చేరాలి. పలక కొస కిందుగా పోయే దారి అడుగు తగిలాక మూసుకుపోయింది. అయినా నడక ఆగలేదంటే పాకం మరో దారి వెతుక్కున్నదన్నమాట. పైనుంచి చూస్తే గసగసాలు పలక రెండు అంచుల దగ్గరా చక్కని సుడులు తిరుగుతున్నాయి: వెనుక నుంచి బయలుదేరి, పక్క అంచును చుట్టుకుని, పలక ముందున్న ఖాళీలోకి వచ్చి చేరుతున్నాయి. పడవవాడు తెడ్డును వెనక్కు లాగినప్పుడు దాని రెండు అంచుల చుట్టూ గోదావరి నీరు తిరిగే తీరు ఇదే. ఈ వలయప్రవాహం వల్ల ట్రెంచి గీత సూటిగా ఉండలేదు. నడుమ భాగం ఎక్కువ వెనక్కు పోయి, అంచులు వెనుకబడి, పైనుంచి విల్లులా వంగింది. దక్షిణ అట్లాంటిక్‌లోని స్కోషియా చాపం, ఇటలీ బూటు మొన దగ్గరి కలాబ్రియా చాపం మ్యాపులో అలాగే వంగి ఉంటాయి. రెండూ సన్నని పలకలే.

జూలై, రెండో వారం: వెడల్పాటి పలక

ఈసారి 35 సెంటీమీటర్ల వెడల్పు. తొట్టె వెడల్పు 45 సెంటీమీటర్లు కావడంతో రెండు పక్కలా ఐదేసి సెంటీమీటర్ల సందు మాత్రమే మిగిలింది. మందం, సాంద్రత, పాకం, ఉష్ణోగ్రత అన్నీ మునుపటిలాగే. వెడల్పుకు ప్రతి సెంటీమీటరుకు లాగే బరువు రెండు ప్రయోగాల్లోనూ ఒకటే. బరువు ఒక్కటే నిర్ణయించేదైతే ట్రెంచి నడక కూడా ఒకటే ఉండాలి.

అది సగానికి కూడా రాలేదు. నడుమ భాగం అయితే చాలాసేపు నిలిచిపోయినట్టే కనిపించింది. రెండు కొనల దగ్గర మాత్రం ట్రెంచి కొంత వెనక్కు జరిగింది. నడుమ కింద చిక్కిన పాకం అంచుకు చేరుకోవడానికి చాలా దూరం పోవాలి. అంతదూరం స్నిగ్ధమైన పాకాన్ని నెట్టడానికి పలక బరువు చాలడం లేదు. పలక కింద పీడనం పెరిగి దాన్ని మోస్తున్నట్టుగా ఉంటుంది. పక్క గోడల ప్రభావం ఇందులో ఉందని తెలుసు కనుక ఈ అంకెను భూమికి నేరుగా అన్వయించడం లేదు. అయితే దిశ స్పష్టంగా ఉంది.

2007లో షెలార్ట్ బృందం ప్రపంచంలోని సబ్డక్షన్ మండలాలను, గణిత నమూనాలను కలిపి పరిశీలించి చెప్పినదీ ఇదే: దాదాపు 1500 కిలోమీటర్లకు లోపు వెడల్పున్న పలకల ట్రెంచులు వేగంగా వెనక్కు నడుస్తాయి, 4000 దాటిన వాటి నడుమ భాగం దాదాపు కదలదు. దక్షిణ అమెరికా కింద దిగుతున్న నాజ్కా పలక వెడల్పు సుమారు 7000 కిలోమీటర్లు. ఆ ఖండపు పడమటి తీరం బొలీవియాకు ఎదురుగా లోపలికి వంగి ఉండడం, సరిగ్గా ఆ వెనుకనే ఆండీస్ పర్వతాలు అన్నిటికంటే వెడల్పుగా, పీఠభూమితో సహా పేరుకుని ఉండడం యాదృచ్ఛికం కాదని ఆ వాదన. ఆ తీరపు మ్యాపును తొట్టె పక్కన గోడకు అంటించాం.

భూమిలో ఈ పక్కదారి ప్రవాహాన్ని ఎవరైనా చూశారా అని విద్యార్థులు అడిగారు. నేరుగా చూడలేము, కాని జాడలున్నాయి. ప్రవహించిన మాంటిల్‌లో ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలు ప్రవాహ దిశలో సర్దుకుంటాయి, అప్పుడు భూకంపపు అడ్డతరంగాలు రెండుగా చీలి వేర్వేరు వేగాలతో వస్తాయి. 1994లో రుస్సో, సిల్వర్ నాజ్కా పలక కింద ఇలా కొలిచి, అక్కడి ప్రవాహం చాలాచోట్ల ట్రెంచికి సమాంతరంగా, అంటే పక్కలకు సాగుతోందని వాదించారు. టోంగా మరింత ముచ్చటైన ఉదాహరణ. ఆ ట్రెంచి ఉత్తర కొసన పలక చీలి అంచు ఏర్పడింది. అక్కడే పలకలు దగ్గరయ్యే వేగం ఏడాదికి 24 సెంటీమీటర్ల వరకు ఉందని 1990లలో జీపీఎస్ కొలతలు తేల్చాయి. భూమి మీద అంతకంటే వేగమైన కలయిక కొలతకు అందలేదు. ట్రెంచి వెనక్కు పోతుంటే అది వదిలిన చోట లావ్ బేసిన్ అనే సముద్రపు పల్లం విచ్చుకుంటోంది. ఉత్తర అంచుకు అవతల సమోవా దీవుల కింద లోతునుంచి వచ్చే శిలాద్రవానికి ప్రత్యేకమైన హీలియం ఐసోటోపుల నిష్పత్తి ఉంది. లావ్ బేసిన్ ఉత్తర భాగపు లావాల్లోనూ అదే ముద్ర దొరికింది. సమోవా వైపు మాంటిల్ పలక అంచును చుట్టుకుని లోపలికి వచ్చిందనడానికి ఇది రసాయన సాక్ష్యం. మా గసగసాలు చేసిన ప్రయాణాన్నే అక్కడ హీలియం చేసింది.

జూలై, చివరి వారం: రెండు పొరలు

660 కిలోమీటర్ల దగ్గర గాజు అడుగు లేదు. అక్కడ రింగ్‌వుడైట్ అనే ఖనిజం విడిపోయి బ్రిడ్జ్‌మనైట్, ఫెర్రోపెరిక్లేసులుగా మారుతుంది. సాంద్రత పెరుగుతుంది, స్నిగ్ధత కూడా పదుల రెట్లు పెరుగుతుందని అంచనా. చల్లని పలకలో ఈ మార్పు మామూలు కంటే ఎక్కువ లోతున జరుగుతుంది. అందువల్ల చుట్టుపక్కల శిల బరువెక్కిన తరువాత కూడా పలక కొంతమేర తేలికగా ఉండి తేలుడు బలం పొందుతుంది. 410 కిలోమీటర్ల దగ్గర జరిగే ఆలివిన్ మార్పు దీనికి విరుద్ధం: చల్లని పలకలో అది ముందుగానే జరిగి, పలకను మరింత కిందికి లాగుతుంది. ఉష్ణోగ్రత తేడా లేని మా తొట్టెలో ఈ రెండు మార్పులకూ చోటు లేదు. స్నిగ్ధత గెంతును, కొంత సాంద్రత గెంతును మాత్రమే పెట్టగలం. ఆ పరిమితిని డైరీ ప్రతి పేజీలోనూ గుర్తుంచుకోవాలి.

పాత పాకాన్నే మరికొంత తెప్పించి కింది పొరగా పది సెంటీమీటర్లు పోశాం. పై పొర కోసం నీరు కలిపి పలచన చేశాం: సాంద్రత 1390, స్నిగ్ధత కింది పొరలో ఏడో వంతు. గరిట వెనుకభాగం మీదుగా, కింది పొరను చెదరగొట్టకుండా పోయడానికి పూట పట్టింది. రెండు పొరల మధ్య గీత పక్కనుంచి కాంతి వేస్తే చక్కగా తెలుస్తోంది. తెప్పించిన పాకం ఈ రెండు పొరలకే సరిపోయింది కాబట్టి ఎక్కువసార్లు చేసే వీలు లేదు. అందుకే అమరికలన్నీ ముందే కాగితం మీద రాసుకున్నాం.

మొదట వెనుక అంచు బిగించిన 10 సెంటీమీటర్ల పలక. ట్రెంచి వేగంగా వెనక్కు నడిచింది, పలక కొస సరిహద్దు గీతను తాకి వంగింది, ట్రెంచి వెనక్కు పోతున్నకొద్దీ దిగివచ్చిన భాగమంతా గీత మీద పొడవుగా పరుచుకుంది. తరువాత వెనుక అంచు విడిచిపెట్టిన అదే కొలతల పలక. ఇది తానే ముందుకు జారుతూ దిగింది. ట్రెంచి నడక తక్కువ. కొస దాదాపు ఒకేచోట సరిహద్దును నొక్కుతూ ఉండి, మెల్లగా వంపు తిరిగి మడత పడి, లావెక్కి, కింది పొరలోకి కుంగడం మొదలుపెట్టింది. పలక ఒకటే, పొరలు ఒకటే. ట్రెంచి కదిలిందా, నిలిచిందా అన్నదొక్కటే తేడా.

ఇది చూసినప్పుడు నాకు పశ్చిమ పసిఫిక్ గుర్తుకొచ్చింది. 1991లో వాన్ డెర్ హిల్స్ట్ బృందం భూకంప తరంగాల టోమోగ్రఫీతో (తరంగవేగాల తేడాల నుంచి భూమి లోపలి చిత్రం గీసే పద్ధతి) ఒకే పసిఫిక్ పలక రెండు పొరుగు ట్రెంచుల దగ్గర రెండు రకాలుగా ప్రవర్తిస్తోందని చూపింది. ఇజు-బోనిన్ దగ్గర అది 660 సరిహద్దు మీద పడమరకు అడ్డంగా పడుకుని ఉంది. దక్షిణాన మరియానా దగ్గర దాదాపు నిలువుగా దిగి సరిహద్దును దాటి మాంటిల్ కింది భాగంలోకి పోయింది. 1993లో ఆయనే సెనోతో కలిసి, ఆ తేడాకు ట్రెంచుల కదలిక చరిత్రే కారణమని, ఇజు-బోనిన్ ట్రెంచి బాగా వెనక్కు నడవడం వల్ల పలక పరుచుకున్నదని వాదించారు. 2015 మే 30న బోనిన్ దీవుల దగ్గర 660 కిలోమీటర్లకు మించిన లోతున 7.8 పరిమాణంతో వచ్చిన భూకంపం, ఆ ప్రాంతపు లోతైన భూకంపాల గుంపుకు దూరంగా, మరింత అడుగున పుట్టింది. పరుచుకున్న పలక ఆ మూల దగ్గర ఎలా నలుగుతోందన్న చర్చ దానితో మళ్లీ మొదలైంది. మా తొట్టెలో మడత పడ్డ మూలను ఆ దృష్టితో మళ్లీ ఫొటో తీయించాను.

ఆగస్టు, మొదటి వారం

గీత మీద పరుచుకున్న పలక అక్కడే శాశ్వతంగా ఉండదు. రాత్రంతా వదిలేసి ఉదయం చూస్తే నడుమ భాగం కింది పొరలోకి బొడిపెలా దిగింది. దాని సాంద్రత కింది పాకం కంటే ఎక్కువే కనుక ఇది కాలం తీసుకునే విషయమే తప్ప జరగని విషయం కాదు. భూమిలో కూడా 660 దగ్గర నిలిచిన పలకలు కొన్ని కోట్ల ఏళ్లకు దిగిపోతాయన్న అభిప్రాయానికి ఇది సరిపోతుంది. ఉత్తర అమెరికా కింద ఎప్పుడో దిగిపోయిన ఫారలాన్ పలకను మాంటిల్ కింది భాగంలో తరంగవేగాలు ఎక్కువగా ఉన్న పొడవాటి పట్టీగా 1990లలో టోమోగ్రఫీ స్పష్టంగా గుర్తించింది.

మన కింద ఉన్నదాన్ని గురించి విద్యార్థులు ఈ వారం ఎక్కువ సేపు అడిగారు. భారతదేశం ఉత్తరానికి జరుగుతూ వచ్చిన కాలంలో ఆసియాకూ మనకూ మధ్య ఉన్న టెథిస్ సముద్రపు అడుగు మొత్తం మాంటిల్‌లోకి పోయింది. 1999లో వాన్ డెర్ వూ, స్పాక్‌మన్, బైవార్డ్ ఆ శిథిల పలకలను నేటి భారతదేశం కింద, మాంటిల్ కింది భాగంలో గుర్తించారు. పలకలు నిలువుగా దిగి ఉన్నచోటే ఉండగా భారత్ వాటి మీదుగా ఉత్తరానికి దాటి వెళ్లింది. అంటే టెథిస్ సముద్రపు అడుగు ఇప్పుడు మన కాళ్ల కిందనే, వెయ్యి కిలోమీటర్లకు మించిన లోతులో ఉంది. శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో సముద్రమట్టం సగటు కంటే 100 మీటర్లకు పైగా పల్లంగా ఉండడానికి కూడా ఈ పలకలకు సంబంధముందని 2023లో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన పాల్, ఘోష్ ప్రతిపాదించారు: దిగిన టెథిస్ పలకలు ఆఫ్రికా కింది వేడి పదార్థాన్ని కదిలించి, అది పొగ స్తంభాల్లా పైకి లేచి హిందూ మహాసముద్రం కింద పరుచుకోవడం వల్ల అక్కడి ద్రవ్యరాశి లోటు ఏర్పడిందని వారి నమూనా చెబుతుంది. దిగిన పలక తాను నిలిచిన చోటనే కాక, వేల కిలోమీటర్ల దూరంలో కూడా మాంటిల్‌ను కదిలించగలదన్న మాట ఇందులో ఉంది.

ఇది చదివాక తరువాతి ప్రయోగం మారింది. ఒక పలక దిగిపోయి కింది పొరలో కుంగుతున్నప్పుడు, దాని పక్కన అడుగు పొరలో రంగు వేసిన పలుచని, తేలికైన పాకాన్ని ఉంచితే అది ఎటు జరుగుతుందో చూడాలనుకుంటున్నాం. అందుకోసం కింది పొర అడుగున రంగు పాకాన్ని పరిచే సన్నని గొట్టం, దాన్ని చెదరకుండా నింపే సిరంజి సిద్ధమయ్యాయి. పాకం మరో రెండు డబ్బాలు రావాలి. అవి వచ్చేలోపు ఇప్పటి ఫొటోల నుంచి బుడగల వేగాలను లెక్కగట్టే పనిని ఇద్దరు విద్యార్థులకు అప్పగించాను. అంచు దగ్గరి సుడిలో ఎంత పాకం తిరిగింది, పలక కొస కిందుగా ఎంత పోయింది అన్న నిష్పత్తి తేలితే వెడల్పు ప్రయోగాల మీద మేము రాసినదానికి అంకెల ఆధారం దొరుకుతుంది. సన్నని పలకకు సంబంధించిన మొదటి లెక్కలో పక్కదారిదే పెద్ద వాటాగా కనిపిస్తోంది. వెడల్పాటి పలక ఫొటోల్లో నడుమ భాగపు బుడగలు మరీ తక్కువ కదిలినందున వాటిని ఎక్కువ విరామంతో తీసిన జతలుగా మళ్లీ కొలవాలి.